గ్రిల్‌లో ఖాళీల లెక్క

ఆదివారం, రాత్రి

తమ్ముడి పికప్ ట్రక్కుకు గ్రిల్, అంటే బండి ముందు గాలి లోపలికి పోయే జాలీ, గీయడం ఈరోజుతో ఒక కొలిక్కి వచ్చింది. పాత ప్లాస్టిక్ గ్రిల్ కొక్కేలు ఎండకు పెళుసెక్కి ఒక్కొక్కటిగా విరిగిపోయాయి. పైగా ఎక్కడో రాయి ఎగిరి తగిలి మధ్యలో ఒక గడి ఊడిపోయింది. అలాంటిదే ఇంకొకటి కొని తగిలించవచ్చు. కానీ తన బండి ముఖం మరే బండికీ ఉండకూడదని వాడి కోరిక. నాకేమో లోహంతో పని అంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం.

పొద్దున పాతది విప్పేసి, బానెట్ ఎత్తి, ముందు భాగాన్ని చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. గ్రిల్ గీసేవాళ్లు కాగితం ముట్టుకోకముందు దాని వెనక ఏమున్నాయో చూడాలని నా పట్టుదల. ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్, దాని వెనక ఇంజనును చల్లబరిచే రేడియేటర్, కింది వైపు ఇంజనులోకి వెళ్లే గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్, పక్కన హారన్, నడిమధ్య బానెట్ గొళ్లెం, ఓ మూల బయటి ఉష్ణోగ్రతను చూసే చిన్న సెన్సర్. ఇంజనులో కాలే ఇంధనం శక్తిలో సుమారు మూడో వంతు, ఇంజనును చల్లబరిచే ద్రవమైన కూలెంట్‌లోకి వేడిగా చేరుతుంది. ఆ వేడిని తీసుకుపోవాల్సిన గాలిలో ఎక్కువ భాగం ఈ ద్వారం గుండానే లోపలికి వస్తుంది. నిండా బరువుతో ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఇంజను శ్రమ పెరుగుతుంది, బండి వేగం తగ్గుతుంది, ఎదురుగాలి సాయం ఉండదు. ఫ్యాను ఒక్కటే గాలిని లాగాలి. ఆ సమయంలో బండికి ఊపిరాడనివ్వని గ్రిల్ ఎంత అందంగా ఉన్నా నేను ఒప్పుకోను. అందుకే నా గీత ఖాళీతో మొదలవుతుంది. ఎంత ఖాళీ కావాలో తేలాక, దాని చుట్టూ ఎంత లోహం మిగలాలో చూస్తాను.

తమ్ముడి మొదటి ఆలోచన సిద్ధంగా దొరికే గుండ్రటి చిల్లుల రేకు. "అక్కా, దాన్ని కొలతకు కోసి బిగిస్తే సరిపోదా?" అన్నాడు. వాడి ముందే లెక్క వేశాను. 10 మిల్లీమీటర్ల చిల్లులు, ఒక చిల్లు కేంద్రం నుంచి పక్క చిల్లు కేంద్రానికి 14 మిల్లీమీటర్ల దూరం, వరుస తప్పించి వరుస. అలాంటి రేకులో తెరిచి ఉండే భాగం 46 శాతమే. చూడటానికి నిండా చిల్లులే, కానీ సగానికి పైగా మూసే ఉంది. గుండ్రటి చిల్లులను ఎంత దగ్గరగా పేర్చినా వాటి మధ్య మూడు మూలల లోహపు ముక్కలు మిగిలిపోతాయి. ఆరు భుజాల గడిలో ఆ బాధ లేదు. గడికీ గడికీ మధ్య అన్ని వైపులా ఒకే వెడల్పు పట్టీ మిగులుతుంది.

ముందు ఎదురెదురు భుజాల మధ్య 30 మిల్లీమీటర్లు ఉండే గడి, 4 మిల్లీమీటర్ల పట్టీ వేసి చూశాను. తెరిచిన భాగం 78 శాతం. బాగానే ఉంది కానీ 30 మిల్లీమీటర్ల గడిలోంచి దూరే రాయి కండెన్సర్ సన్నటి రెక్కల్ని వంచేయగలదు. వెనక సన్న జాలీ వేద్దామంటే అదీ గాలిలో వాటా తింటుంది. ఇక గడిని 20కి, పట్టీని 3కి తగ్గించాను. రాయి దూరే దారి మూడో వంతు కుంచించుకుపోయింది, తెరిచిన భాగం మాత్రం 76 దగ్గర నిలిచింది. పట్టీ కూడా గడితో పాటు సన్నబడింది కదా! ఆ అంకె చూసినప్పుడు కలిగిన సంతోషం ఈ రాత్రి వరకూ తగ్గలేదు.

దానికి వేరేచోట మూల్యం చెల్లించాలి. 1200 మిల్లీమీటర్ల పొడవు, 400 వెడల్పు ఉన్న రేకు మొత్తం గడులే అనుకుంటే, పెద్ద గడులకు లేజర్ సుమారు 50 మీటర్లు కోయాలి, చిన్న గడులకు 73 మీటర్లు. గడుల సంఖ్య రెట్టింపు దాటుతుంది. కోసిన ప్రతి గడికీ రెండు వైపులా అంచుల పదును తీయాలి. ఆ పని మాత్రం మనుషులే చేయాలి. తమ్ముడు తన వంతు చేస్తానన్నాడు, ఆకురాయి ఇప్పుడే తీసి పెట్టుకున్నాడు.

అంచుల విషయంలో నేను రాజీ పడను. ట్రక్కు ముఖం మనిషి నడుముకు, పిల్లవాడి తలకు ఎదురుగా ఉంటుంది. ప్రయాణికుల కార్ల బయటి భాగాల గురించిన ఐక్యరాజ్యసమితి 26వ నిబంధన ప్రకారం, గ్రిల్‌లో సందులు 25 నుంచి 40 మిల్లీమీటర్ల మధ్య ఉంటే అంచుల వంపు వ్యాసార్థం కనీసం 1 మిల్లీమీటరు ఉండాలి. 25 లేదా అంతకంటే తక్కువైతే 0.5 చాలు. అది కార్లకు రాసిన నియమం, అయినా మా పనికి అదే కొలబద్దగా పెట్టుకున్నాను. ఆ గ్రిల్‌ను కడిగే చేతికి కూడా గీరుకోకూడదు.

లోహం ఏది అన్న చర్చ ఎక్కువసేపు నడవలేదు. 2 మిల్లీమీటర్ల ఉక్కు రేకు ఆ కొలతకు, గడులు కోయకముందు, ఏడున్నర కిలోలు తూగుతుంది. 3 మిల్లీమీటర్ల అల్యూమినియం నాలుగు కిలోల లోపే. వంగకుండా నిలిచే గుణం మందం ఘనంతో పెరుగుతుంది కాబట్టి, అల్యూమినియం స్వతహాగా ఉక్కులో మూడో వంతు బిగువే ఉన్నదైనా, ఈ రెండు రేకుల్లో 3 మిల్లీమీటర్లదే కాస్త గట్టిది. అల్యూమినియంలో కూడా 5052 రకం తీసుకుంటున్నాం. 6061-టి6 అనే మరో రకం బలమైనదే కానీ బిగుతైన మడతలో పగుళ్లు ఇస్తుంది.

మధ్యాహ్నమంతా అట్టతోనే గడిచింది. కంప్యూటర్లో గీయడం నాకు ఇష్టమే, కానీ బండి మీద పెట్టి చూడని గీతను నమ్మలేను. గొళ్లెం నుంచి కిందికి దారం వేలాడదీసి మధ్యరేఖ పట్టాను. అక్కడి నుంచి మూలమట్టంతో ఎడమకు, కుడికి కొలతలు తీసుకుంటూ వెళ్తే రెండు వైపులా ఒకటిగా లేవు. బండి భాగాలు బోల్టులతో సర్దుబాటు చేసి బిగించినవి, కొద్ది మిల్లీమీటర్ల తేడా మామూలే. చుట్టూ 5 మిల్లీమీటర్ల సందు వదిలితే ఆ తేడా కంటికి ఆనదు.

అసలు చిక్కు వేరే. ట్రక్కు ముఖం చదునుగా లేదు. రెండు చివరలు కొద్దిగా వెనక్కి తిరిగి ఉన్నాయి. చదును రేకును అక్కడ మడవాలి. మడత గీత గడుల మీదుగా పోతే, వంపంతా సన్నటి పట్టీల మీదే పడి గడులు నోళ్లు సాగదీసినట్లు అవుతాయి. చుట్టూ తిరిగి ఆలోచించి చివరికి మడత పడే రెండు చోట్లా గడులు లేని నిలువు పట్టీ వదిలాను. మడత లోపలి వంపు వ్యాసార్థం రేకు మందానికి తగ్గకుండా, రేకు తయారీలో సాగిన దిశకు అడ్డంగా మడిచేటట్లు గీతలో రాసి పెట్టాను.

ఆ అట్టను బండికి ఆనించగానే తమ్ముడు రెండడుగులు వెనక్కి వేసి, "అక్కా, ఈ రెండు పట్టీలే దీని ముఖం" అన్నాడు. నిజమే. వెడల్పుగా, నోరు తెరిచినట్లు కనిపించే బండి ఆ రెండు నిలువు గీతలతో నిటారుగా నిలబడింది. అవి అందం కోసం గీసినవి కావు, మడత కోసం వదిలినవి. నాకు నచ్చే ఆకారాలన్నీ ఇలా అవసరం నుంచి వచ్చినవే. జీపు సంగతే చూడండి. 1941లో విల్లీస్ కంపెనీ సైనిక జీపులకు గ్రిల్‌ను ఉక్కు పట్టీలు వెల్డింగు చేసి తయారు చేసేవారు. ఫోర్డ్ ఒకే రేకును అచ్చు వేసి తొమ్మిది సందులతో తేలికైనది చేస్తే, విల్లీస్ కూడా దాన్నే తీసుకుంది. 1945లో పౌరుల కోసం వచ్చిన సీజే-2ఏ జీపులో అవి ఏడయ్యాయి. ప్రపంచమంతా గుర్తుపట్టే ఆ ముఖం వెనక ఉన్నది రేకును తేలికగా తయారు చేసే పద్ధతి. ఇంకా వెనక్కి వెళ్తే 1901 నాటి మెర్సిడెస్‌కు గ్రిల్లే లేదు. విల్‌హెల్మ్ మేబాక్ రూపొందించిన రేడియేటర్‌లో 6 మిల్లీమీటర్ల చదరపు గొట్టాలు 8,070 ఉండేవి. ఆ రేడియేటరే బండికి ముఖం.

వెల్డింగు మేస్త్రి గారు సాయంత్రం వచ్చి అట్ట చూశారు. ఆయన మొదట గుండ్రటి చువ్వలతో చేద్దామన్నారు. ఆయన చేతి పని మీద నాకు గౌరవం ఉంది, కానీ చువ్వల వెనక గాలి సుడులు తిరుగుతుంది. 10 మిల్లీమీటర్ల చువ్వ మీదకు సెకనుకు 28 మీటర్ల వేగంతో, అంటే గంటకు వంద కిలోమీటర్ల లెక్కన గాలి వస్తే, సుడులు సెకనుకు 560 సార్ల దరిదాపుల్లో విడివడతాయి. చువ్వ తనంతట తాను కంపించే లయ దానికి దగ్గరగా ఉంటే గ్రిల్ ఊళపెడుతుంది. ఆయన శ్రద్ధగా విని, "అయితే అమ్మా, వెనక బిగింపు చెవులు నాకు వదిలేయండి" అన్నారు. గ్రిల్‌ను బండికి పట్టి ఉంచే ఆ చెవులు ఆయనే చేస్తారు. వెల్డింగును ఒక చివర నుంచి ఒకే ఊపున లాగకుండా, ఎడమ కొంత, కుడి కొంత చుక్కలుగా వేస్తే వేడికి రేకు మెలి తిరగదని ఆయనే చెప్పారు.

బోల్టుల దగ్గర రెండు జాగ్రత్తలు. అల్యూమినియం వేడికి సాగుతుంది. 1.2 మీటర్ల పొడవు 50 డిగ్రీల తేడాకు దాదాపు 1.4 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అందుకే మధ్య రంధ్రాలు గుండ్రంగా, చివరివి అడ్డంగా సాగదీసి గీశాను. స్టెయిన్‌లెస్ బోల్టు అల్యూమినియాన్ని నేరుగా తాకితే, తడిలో అల్యూమినియం తినేయబడుతుంది. మధ్యలో నైలాన్ వాషర్లు తప్పవు.

మూడు పసుపు దీపాల గురించి మాత్రం తమ్ముడితో చాలాసేపు మాట్లాడాల్సి వచ్చింది. ఫోర్డ్ రాప్టర్ పికప్ గ్రిల్‌లో చూసినప్పటి నుంచి వాడికి అవే కావాలి. అక్కడ అవి ఉండటానికి కారణం ఆ బండి వెడల్పు. అమెరికాలో 80 అంగుళాలు, అంటే 2,032 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి వెడల్పున్న ట్రక్కుల వంటి వాహనాలకు అలాంటి గుర్తింపు దీపాలు తప్పనిసరి. రాత్రి ఎదురుగా వచ్చేవారికి "ఇది వెడల్పైన బండి" అని చెప్పడమే వాటి పని. వాడి బండి అంత వెడల్పు లేదు. లేని వెడల్పును చెప్పే దీపం నా గీతలో ఉండదన్నాను. వాడు కాసేపు మౌనంగా ఉండి, సరేనన్నాడు. మరో మాట కూడా చెప్పాను. ఈ బండి పాతది కాబట్టి సరిపోయింది. గ్రిల్ వెనక, ఎదుటి బండిని పసిగట్టే రాడార్ ఉండే కొత్త బండ్లలో దాని ముందు లోహం పెట్టకూడదు. 76–77 గిగాహెర్ట్జ్ తరంగాలు లోహాన్ని దాటలేవు, బ్రేకు వేయాల్సిన వ్యవస్థ గుడ్డిదవుతుంది.

ఇక రంగు మిగిలింది. పౌడర్ కోటింగే వేయిస్తాం, పొయ్యిలో 180–200 డిగ్రీల దగ్గర గట్టిపడుతుంది. పొర 60–80 మైక్రాన్లే, అంటే మిల్లీమీటరులో పదో వంతు కూడా లేదు కాబట్టి గడులకు ఏమీ కాదు, మరలు ఉన్న చోట్ల మాత్రం మూసి ఉంచమని చెప్పాలి. తమ్ముడు మెరుపు నలుపు అంటున్నాడు. నేను మెరుపు లేని నలుపు అంటున్నాను, అది గడుల లోతును దాచదు. రెండు రంగుల్లోనూ చిన్న ముక్కలు చేయించి, ఎండలో బండి మీద పెట్టి చూశాక తేల్చుకుంటాం. కోత ఫైలు మాత్రం ఈ రాత్రే పంపించేశాను.