కనపడని అక్షరం, ఆగిపోయిన కథలు

మా నాన్నగారు కథలు కాగితం మీద రాస్తారు. నేను టైపు చేసి ఆదివారం పొద్దున్నే సైట్లో పెడతాను. తొమ్మిదిలోపు రాజమండ్రి నుంచి బాబాయి ఫోను వస్తుంది. కథ గురించి రెండు ముక్కలు అయ్యాక అన్నదమ్ములిద్దరూ అరగంట పాత సంగతుల్లో పడతారు. మొన్న శ్రావణంలో వరసగా మూడు ఆదివారాలు ఆ ఫోను రాలేదు.

మొదటివారం ఏ పెళ్లికో వెళ్లుంటాడనుకున్నాం. రెండోవారానికి నాన్నగారికి దిగులు పట్టుకుంది. ఫోను ఆగిన వారం వేసిన కథ పేరు "పోస్ట్‌మాన్ సైకిలు". అందులో సైకిలు అడక్కుండా తీసుకెళ్లి కాలవలో పడేసిన కుర్రాడు బాబాయే. "వాడికి కోపం వచ్చినట్టుంది, రాయకుండా ఉండాల్సింది" అన్నారు. మూడోవారం ఉండబట్టలేక నేనే ఫోను చేశాను. "ఏమ్మా, అన్నయ్యకి ఒంట్లో బాగుండట్లేదా? కథలు మానేశాడేంటి?" అన్నాడు బాబాయి.

బాబాయి సైటు తెరిచి చూడడు. బ్లాగులన్నిటినీ ఒకచోట చూపే కూడలి, హారం, మాలికల్లో తెలుగు బ్లాగులు చదివిన రోజుల నుంచీ ఆయనకు ఫీడు అలవాటు. ఫీడంటే సైట్లోని కొత్త రాతలను రీడర్ అనే యాప్‌కు అందించే ఫైలు. ట్యాబ్లెట్‌లో రీడర్ పెట్టుకున్నాడు, కథలు అందులోకే వస్తాయి. నా ఫోన్లోని రీడర్‌లో మూడు కథలూ శుభ్రంగా ఉన్నాయి. సైట్లోనూ ఉన్నాయి. ఫీడు చిరునామాను నేరుగా బ్రౌజర్‌లో తెరిస్తే పైన ఎర్రటి పెట్టెలో తప్పు కనపడింది: ఫలానా వరసలో ఉన్న పేరు ఏమిటో నాకు తెలియదు, అంతవరకే చూపిస్తున్నాను అని. ఆ వరస పోస్ట్‌మాన్ కథ శీర్షికది.

తెలుగులో టైపు చేసేవాళ్లకు ఇది తెలిసిన సంగతే. "పోస్ట్‌మాన్"లో ట కింద మ వత్తు పడకుండా ఉండాలంటే రెండింటి మధ్య ఒక కనపడని అక్షరం పెట్టాలి. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అంతకు నెల ముందే నేను సైటుకు కొత్త ఎడిటర్ పెట్టాను. అది ఆ అక్షరాన్ని ఉన్నదున్నట్టు ఉంచకుండా, వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్‌లో దానికున్న పొట్టి పేరుతో, ముందు & గుర్తు, చివర సెమికోలన్ తగిలించి దాచింది. హెచ్‌టీఎంఎల్ పేజీకి ఆ పేరు తెలుసు. ఫీడు ఉండేది ఎక్స్‌ఎంఎల్ అనే మరో భాషలో. ఎక్స్‌ఎంఎల్‌కు పుట్టుకతో తెలిసిన అలాంటి పేర్లు అయిదే. ఆరోది ఎదురైతే అక్కడితో చదవడం ఆపేయాలని 1998 నాటి ప్రమాణమే చెబుతుంది. అందుకే ఆ ఒక్క శీర్షికతో పాటు ఫీడులోని 15 కథలూ బాబాయికి మూతపడ్డాయి. కథల లోపలి పాఠంలో అదే గుర్తు చాలాచోట్ల ఉంది కానీ, దాన్ని, లోపలి గుర్తులను ఎక్స్‌ఎంఎల్ పట్టించుకోని సీడేటా అనే సంచిలో చుట్టి పంపుతాం కాబట్టి గొడవ రాలేదు.

మరి నా ఫోన్లో ఎలా వచ్చాయి? కొన్ని రీడర్లు తప్పుల్ని సర్దుకుని చదువుతాయి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఫీడ్‌పార్సర్ అనే లైబ్రరీ ఉంది. చెడిపోయిన ఫీడునూ చేతనైనంత చదివి, చెడిపోయిందని పక్కన ఒక గుర్తు పెడుతుంది. దాన్ని రాసిన మార్క్ పిల్‌గ్రిమ్ 2004లో లెక్కపెడితే ఫీడులు రాసే పద్ధతి ఆర్‌ఎస్‌ఎస్‌లోనే ఒకదానితో ఒకటి పొసగని రకాలు 9 తేలాయి. అన్ని రకాలు చూసిన మనిషి అలాంటి ఓర్పున్న ప్రోగ్రాం రాయడంలో వింతేమీ లేదు. నేను బాధపడింది నా మీదే. నా ఫోన్లో బాగుంది కదా అని మూడు వారాలు ఊరుకున్నాను.

బాగుచేయడమూ ఒక్క దెబ్బకు కాలేదు. శీర్షికను కూడా సీడేటాలో చుట్టాను. ఫీడు తెరుచుకుంది, కానీ బాబాయి రీడర్‌లో పోస్ట్‌కీ మాన్‌కీ మధ్య ఆ పొట్టి పేరులోని ఇంగ్లిషు అక్షరాలు అలాగే పడ్డాయి. శీర్షికలో ఉన్నది హెచ్‌టీఎంఎల్ అనుకోవాలా, మామూలు పాఠం అనుకోవాలా అన్నది 2002 నాటి ఆర్‌ఎస్‌ఎస్ 2.0 చెప్పదు. ఒక్కో రీడర్ ఒక్కోలా అనుకుంటుంది. ఆ స్పెసిఫికేషన్‌ను ఇక మార్చబోమని అందులోనే రాసుకున్నారు కాబట్టి ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది. 2005 డిసెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 4287 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా వచ్చిన మరో ఫీడు పద్ధతి యాటమ్‌లో మాత్రం శీర్షిక ఏ రకమో పక్కనే రాసే వీలుంది. కొత్తగా ఫీడు పెట్టేవాళ్లు ఎవరడిగినా నేను యాటమే పెట్టమంటాను. చివరికి ఆ పొట్టి పేరు తీసేసి అసలు అక్షరాన్నే, అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్-8 పద్ధతిలో ఉంచాను.

అదే ఊపులో తేదీలూ చూశాను. ఆర్‌ఎస్‌ఎస్‌లో తేదీ ఆర్‌ఎఫ్‌సీ 822 పద్ధతిలో, నెల పేరు ఇంగ్లిషులోనే ఉండాలి. నా స్క్రిప్టు సమయం చివర ఐఎస్‌టీ అని రాస్తోంది. ఆ పాత జాబితాలో అమెరికా టైమ్ జోన్ల పేర్లున్నాయి గానీ మనది లేదు. +0530 అని మార్చాను.

బ్రౌజర్లు ప్రమాణాన్ని పక్కన పెట్టడం వల్ల మనకు మేలు జరిగిన సందర్భమూ ఉంది. 2001 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3023 ప్రకారం, సర్వర్ ఫీడును టెక్స్ట్/ఎక్స్‌ఎంఎల్‌గా పంపుతూ ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలు ఏ పద్ధతిలో ఉన్నాయో చెప్పకపోతే, ఫైల్లో యూటీఎఫ్-8 అని రాసున్నా సరే, దాన్ని యూఎస్ ఆస్కీగా చదవాలి. ఆస్కీలో ఒక్క తెలుగు అక్షరమైనా లేదు. బ్రౌజర్లు ఆ మాట పట్టించుకోకుండా ఫైల్లో ఉన్నదే నమ్మాయి కాబట్టి తెలుగు తెలుగులా కనపడింది. 2014లో ఆర్‌ఎఫ్‌సీ 7303 వచ్చి ఆ నియమాన్ని తీసేసింది.

ఇంకో పని మిగిలింది. ఫీడు చిరునామా నొక్కినవాళ్లకు కోడు కనపడకుండా "ఈ చిరునామా కాపీ చేసుకుని మీ రీడర్‌లో పెట్టుకోండి" అని తెలుగులో చెప్పే చిన్న పేజీ ఒకటి, ఎక్స్‌ఎంఎల్‌ను మామూలు పేజీగా మార్చి చూపే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీతో రాసుకున్నాను. 2006లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 2 ఇలాంటి పేజీలను చూపకుండా తన సొంత పేజీ చూపేది. ఫైలు మొదట్లోని 512 బైట్లు చూసి ఫీడా కాదా తేల్చుకునేది కాబట్టి, జనం ప్రోగ్రాములు పట్టించుకోని వ్యాఖ్య ఒకటి అంత పొడుగున పైన పెట్టి దాన్ని ఏమార్చేవాళ్లు. 2018 డిసెంబరులో ఫైర్‌ఫాక్స్ 64తో ఆ సొంత పేజీ పోయింది. ఇప్పుడు ఎక్స్‌ఎస్‌ఎల్‌టీనే తీసేస్తామని 2025లో క్రోమ్ ప్రకటించింది. ఆ నాలుగు మాటలు ఇక మామూలు పేజీలో రాసి ఫీడు లింకు పక్కన పెట్టాలి.

శనివారం రాత్రి అన్నీ సరిచేసి పడుకున్నాను. ఆదివారం ఎనిమిదిన్నరకే ఫోను మోగింది. నాన్నగారే తీశారు. స్పీకర్ పెట్టకపోయినా బాబాయి గొంతు వంటింట్లోకి వినపడింది: "అన్నయ్యా, అది కాలవ కాదు, చెరువు. సైకిలు కూడా నేను పడెయ్యలేదు, బ్రేకు లేదు!"