కొల్లేటి జమ్ము నుంచి కడియం తొట్టి దాకా

కార్తీకంలో ఆకివీడు వెళ్లినప్పుడు, కొల్లేరు చూసి వద్దామనగానే మా పెద్దమ్మ కొడుకు ఆటపాక గూడకొంగల సంగతి ఎత్తుకున్నాడు. నేను చూడాలనుకుంటున్నది పక్షుల్ని కాదు, వాటికి నీడనిచ్చే జమ్మునీ తుంగనీ కిక్కిసనీ అని చెబితే నవ్వాడు. "గడ్డి చూడ్డానికి హైదరాబాదు నుంచి రావాలిట్రా? మా చేల గట్లమ్మట నీక్కావలసినంత ఉంది, కోసుకుపోతానంటే ఎదురు కూలి ఇస్తాను" అన్నాడు. ఎగతాళి చేశాడే గానీ, మర్నాడు తెల్లవారకముందే బండి తీసింది అన్నయ్యే.

కైకలూరు దాటి కొల్లేటికోట వైపు తిరిగాక రోడ్డుకు రెండు పక్కలా నీళ్లు మొదలవుతాయి. కృష్ణా గోదావరి డెల్టాలు రెండూ కలిసేచోట మిగిలిపోయిన పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరుతో పాటు లెక్కకు మించిన మురుగు కాలువలు ఇందులోకి దిగుతాయి. సముద్రానికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. అందుకే వర్షాలు పడితే సరస్సు ఊళ్ల మీదికి వస్తుంది, వేసవిలో చాలామేర ఎండిపోయి నెర్రెలిస్తుంది. 1999లో ఐదో కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు వరకు ఉన్న 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. ఇక్కడి మనుషుల మాటల్లో కాంటూరు అనేది నిత్యం వినిపించే మాట. అభయారణ్యం హద్దు మూడో కాంటూరా, ఐదో కాంటూరా అన్నదాని మీద కుటుంబాల బతుకులే ఆధారపడి ఉన్నాయి. మొక్కల లెక్క ఇంకా సన్నం. వాటికి అడుగులు కాదు, అంగుళాలు ముఖ్యం.

గట్టు మీద నిలబడి నీటివైపు చూస్తే ఆ లెక్క కళ్లకు కడుతుంది. గట్టు వాలులో తడి తగిలే మట్టిలో పొన్నగంటికూర పరుచుకుని ఉంది. దాని కిందుగా, పాదం మునిగే బురదలో తుంగ. మోకాలి లోతు నుంచి నడుము లోతు దాకా జమ్ము. కాస్త గట్టి నేల దొరికిన తావుల్లో మనిషిని మించిన ఎత్తున కిక్కిస, దాని వెండిరంగు కుచ్చులన్నీ గాలివాలుకు ఒకే దిక్కుకు తిరిగి ఉన్నాయి. జమ్ము ఆగిపోయిన చోటు నుంచి తామరా కలువా. వాటి వేళ్లు అడుగున, ఆకులు పైన. ఇంకా లోపల నీటి కిందే బతికే నాచు జాతులు. వీటిలో దేనికీ పట్టని గుర్రపుడెక్క, అంతరతామర గాలి ఎటు తోస్తే అటు తేలుతున్నాయి. ఎవరూ నాటని తోటలో ఇంత వరుస ఉండడం నన్ను చాలాసేపు అక్కడే నిలబెట్టింది.

ఈ మొక్కలన్నిటినీ గడ్డి అనే ఒక్క మాటతో సరిపెట్టేస్తాం గాని, చేత్తో పట్టుకుంటే తేడా తెలిసిపోతుంది. తుంగ కాడను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లిస్తే సాఫీగా దొర్లదు; మూడు అంచులు వేలికి తగులుతాయి, కాడ పొడవునా ఎక్కడా కణుపు ఉండదు. కిక్కిస అసలైన గడ్డి జాతిది కనుక కాడ గుండ్రంగా, కణుపులతో, వెదురులా లోపల డొల్లగా ఉంటుంది. జమ్ము ఆకు బారెడు కత్తిలా ఉంటుంది. దోనె నడిపే పెద్దాయన ఒక ఆకును అడ్డంగా కోసి నా చేతిలో పెట్టాడు. కోసిన ముఖం మీద పలుచని గోడలతో చిన్నచిన్న గదులు బారులు తీరి ఉన్నాయి, అన్నీ ఖాళీ. గట్టిగా నొక్కితే లోపలి గాలి బుస్సుమంది.

చిత్తడి మొక్క బతుకంతా ఆ గదుల్లోనే ఉంది. నీళ్లు నిలిచిన బురదలో ప్రాణవాయువు దాదాపు ఉండదు, మామూలు మొక్కల వేళ్లు అందులో ఊపిరాడక కుళ్లిపోతాయి. జమ్ము, కిక్కిస వంటివి ఆకుల నుంచి గాలిని కాడల గుండా వేళ్ల దాకా దించుకుంటాయి. లేత ఆకుల్లోకి చేరిన గాలి పీడనం పెరిగి అడుగున ఉన్న దుంప వేరులోకి దిగుతుంది, పాత కాడల గుండా తిరిగి బయటికి పోతుంది. అలా దిగిన గాలిలో కొంత వేళ్ల నుంచి బురదలోకి ఊరుతుంది. పెద్దాయన చేత ఒక మొక్కను మొదలంటా పీకించి చూశాను. నల్లటి, కుళ్లువాసన కొట్టే బురదలోంచి వచ్చిన వేళ్లకు తుప్పురంగు పూత పట్టి ఉంది. బురదలో కరిగి ఉన్న ఇనుము, వేరు వదిలిన ప్రాణవాయువు తగిలి నిజంగానే తుప్పుగా మారి వేరుకు అంటుకుంటుంది. ఈ సంగతి లోగడ చదివాను గాని, నా వేళ్లకు అంటిన ఆ ఎరుపును చూసిన తరవాత గాని దాని బలం తెలియలేదు.

జమ్మును వదిలించుకోవడం గురించి అడిగితే పెద్దాయన గెడ ఆపి, "పైన కోస్తే నెల తిరక్కుండా మళ్లీ లేస్తదండి. నీళ్లలోకి చెయ్యి పెట్టి, మొదలు మునిగేలా కొయ్యాలి. అప్పుడు కుళ్లి చస్తది" అన్నాడు. శాస్త్రం చెప్పేదీ సరిగ్గా ఇదే. ఎండు కాడ మొండెమైనా నీటిపైన నిలిచి ఉంటే అది గాలిగొట్టంగా పనిచేస్తుంది. అది కూడా మునిగితే అడుగున దుంప ఊపిరాడక పోతుంది. ఒక్క గోధుమరంగు కంకిలో లక్షకు పైగా విత్తనాలు మోసే మొక్కకు ఉన్న బలహీనత ఇదొక్కటే. ఒకప్పుడు ఇళ్ల కప్పులకు ఇదే జమ్మును కోసుకుపోయేవారట. తుంగను నిలువునా చీల్చి, ఎండబెట్టి, చాపలు నేసేవారు. ఇప్పుడు రేకులూ ప్లాస్టిక్ చాపలూ వచ్చాక కోసేవాడు లేక, జమ్ము కాలువల నోళ్లు మూస్తోందన్నది ఆయన ఫిర్యాదు. అందులో నిజముంది. కోత లేని జమ్ము ఏటికేడాది ఎండిన ఆకును తన కిందే పరుచుకుంటూ సరస్సును మెల్లగా నేలగా మార్చేస్తుంది.

అంతకంటే పెద్ద దెబ్బ చేపల చెరువుల నుంచి తగిలింది. గట్టు వేసి ఏడాది పొడుగునా ఒకే మట్టాన నీళ్లు నిలిపితే, ఎక్కే నీటికీ దిగే నీటికీ అలవాటుపడిన మొక్కల వరుస మొత్తం చెదిరిపోతుంది. జమ్ము విత్తనం మొలకెత్తాలంటే పలుచటి నీళ్లో బయటపడిన తడి బురదో కావాలి. లోతైన చెరువులో ఆ అదను ఎప్పటికీ రాదు. 2006లో అభయారణ్యం లోపలి చెరువు గట్లను ప్రభుత్వం పెద్ద ఎత్తున కొట్టించింది. తరవాత చాలాచోట్ల మళ్లీ లేచాయి. చెరువుల మీద బతికేవారి తరఫు వాదన తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు, కాని ఎరువులూ మేతల మిగులూ కలిసిన నీటిలో చివరికి లాభపడింది వేరు నాటే పనిలేని గుర్రపుడెక్కే. మేము వెళ్లిన దారిలో రెండు చోట్ల దోనె దాని మధ్య చిక్కుకుంది.

ఆటపాకలో ఇనుప మంచెల మీద గూళ్లు పెట్టిన గూడకొంగల్ని అన్నయ్య కోసం చూసి, మర్నాడు కడియం బయలుదేరాం.

భీమవరం, తణుకు, రావులపాలెం మీదుగా గౌతమీ పాయ దాటాక, రోడ్డు పక్కన కుండీల వరుసలు కనిపించడం మొదలైతే కడియపులంక వచ్చినట్టే. ఒండ్రు మట్టి, ధవళేశ్వరం ఆనకట్ట కాలువల నీళ్లు కలిసి ఈ ఊళ్లను నర్సరీల ఊళ్లుగా మార్చాయి. గులాబీలనూ మామిడి అంట్లనూ దాటుకుని నేను నీటి మొక్కల వైపు వెళ్లాను. సిమెంటు తొట్లలో రంగురంగుల కలువలు, తామరలు. వాటి వెనక వరుసలో అంబ్రెల్లా పామ్ అని అందరూ పిలిచే మొక్క. పేరులో పామ్ ఉన్నా అది తాటి జాతి కాదు, ఆఫ్రికా, మడగాస్కర్ ప్రాంతాల తుంగ. కొల్లేటి తుంగకు దాయాది. పక్కనే నైలు నది గట్ల పాపిరస్, అదీ తుంగే. దాని కాడ మీద వేలు పెట్టాను, అవే మూడు అంచులు. కాస్త అవతల కుండీల్లో జమ్ము కూడా కనిపించింది. రిసార్టులవాళ్లు పట్టుకుపోతారట. ధర వినగానే అన్నయ్య నా వంక చూసి, ఇంటికెళ్లి చేల గట్లకు కంచె వేయిస్తానన్నాడు.

అంబ్రెల్లా పామ్ పెంచే పద్ధతిని నర్సరీలో పనిచేసే అమ్మాయి చేసి చూపించింది. గొడుగులా విచ్చుకున్న తలను వేలెడు కాడతో కత్తిరించి, ఆకుల్ని సగానికి తెగ్గోసి, తలకిందులుగా నీళ్ల బొచ్చెలో తేలవేసింది. ఆకుల మొదళ్ల దగ్గర రెండు మూడు వారాల్లో వేళ్లూ పిలకలూ వస్తాయి. అప్పటికే అలా వేసిన ఇంకో బొచ్చెలో తెల్లటి వేళ్లు కిందికి, సూదిమొనల్లాంటి ఆకుపచ్చ పిలకలు పైకి వస్తూ కనిపించాయి. సొంత గడ్డ మీద ఈ మొక్క చేసేదీ ఇదే: కాడ వాలి తల నీటిని తాకితే అక్కడే కొత్త దుబ్బు లేస్తుంది.

నర్సరీ యజమానితో మాట్లాడితే, తోటలోనూ అసలు పాఠం నీటి మట్టమేనని తేలింది. ఆయన తన పెద్ద తొట్టిలో ఇటుకలు మెట్లుగా పేర్చాడు. తామర కుండీ అట్టడుగున, జమ్ము కుండీ మీద జానెడు నీళ్లు, అంబ్రెల్లా పామ్ మీద రెండంగుళాలు, మెట్టతామరకు కుండీ అడుగు తడిస్తే చాలు. మట్టి కూడా చెరువు బంకమన్నే వాడతాడు. కంపోస్టు వేస్తే అది తేలిపోయి నీళ్లు పచ్చబడతాయని, మట్టి పైన గుప్పెడు ఇసుక పరవమని చెప్పాడు. దోమలకు గంబూసియా చేపలు. జమ్మును మాత్రం చిల్లు లేని కుండీలో తప్ప వదలొద్దని, దాని దుంప వేరు మొన తొట్టి అడుగున పరిచిన ప్లాస్టిక్ షీటును కూడా పొడిచేస్తుందని ప్రత్యేకంగా హెచ్చరించాడు.

ఓ మూల టబ్బులో గుర్రపుడెక్క ఊదారంగు పూలతో నిండుగా ఉంది. దక్షిణ అమెరికా అమెజాన్ ప్రాంతపు ఈ మొక్క పంతొమ్మిదో శతాబ్దం చివర్లో మన దేశానికి వచ్చింది ఈ పూల అందం వల్లే, తోటల అలంకారానికే. అనువైన నీటిలో అది రెండు వారాల్లోపే రెట్టింపు కాగలదు; విత్తనాలు బురదలో ఇరవై ఏళ్ల దాకా ప్రాణంతో ఉండగలవు. "ఇది కూడా అమ్ముతారా?" అని అడిగితే ఆయన, "అడుగుతారండీ, ఇస్తాం. తొట్టి నిండితే కాలవలో పారెయ్యొద్దు, ఎండబెట్టి కాల్చెయ్యమంటాం. వింటారా, ఎవరికి తెలుసు!" అన్నాడు. అమ్మకపోవడమే మంచిదని నా అభిప్రాయం. తోట నుంచి కాలువకూ, కాలువ నుంచి సరస్సుకూ దారి చాలా దగ్గర. కలువలూ తుంగలూ ఇన్ని రకాలుండగా దీన్నే పెంచవలసిన అవసరం ఎవరికీ కనిపించదు.

పాపిరస్ ఒకటి, చిన్న కలువ ఒకటి తీసుకున్నాను. అంబ్రెల్లా పామ్‌కు డబ్బు తీసుకోకుండా ఆ అమ్మాయి నాలుగు తలలు కోసి, మూత కోసిన సీసాలో తలకిందులుగా దించి ఇచ్చింది. జమ్ము కొననివ్వలేదు అన్నయ్య. కావాలంటే కూలీలను పెట్టి లారీకి ఎక్కిస్తానన్నాడు.