నేవీ అద్దెదారు, కరెంటు ఆఫీసరు, పెళ్లి పత్రిక

ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో పోర్షన్ ఖాళీగా ఉందని ఆన్‌లైన్‌లో ప్రకటన పెడితే, "నేవీలో చేస్తున్నానండీ, వైజాగ్‌కి ట్రాన్స్‌ఫర్ అయింది" అంటూ ఒక ఫోన్ రావచ్చు. ఇల్లు చూడడు, బేరమాడడు. యూనిఫాంలో ఫొటో, ఐడీ కార్డు మాత్రం అడగకుండానే వాట్సాప్‌లో పంపేస్తాడు. తూర్పు నౌకాదళం ఉన్న ఊరు కదా, మోసగాడి ఈ వేషం ఇక్కడ ఇట్టే చెల్లుతుంది. నిజంగా నేవీలో ఉన్నవాళ్లు ముక్కూ మొహం తెలియనివాళ్లకి ఐడీ కార్డు ఫొటోలు పంచుకుంటూ తిరగరు.

అసలు పని అడ్వాన్సు దగ్గర మొదలవుతుంది. "మా అకౌంట్స్ పద్ధతి వేరండీ. మీరొక రూపాయి వేయండి, రెండు రూపాయలు తిరిగొస్తాయి" అంటాడు. వస్తాయి కూడా. ఆ రెండు రూపాయలే ఎర. తర్వాత క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొడితే అడ్వాన్సు మీ ఖాతాలో పడుతుందంటాడు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్‌తో పని లేదు. పిన్ కొట్టారంటే డబ్బు పోతున్నట్టే. పోయాక కూడా వదలడు: "సిస్టం పొరపాటండీ, ఇంకోసారి కొట్టండి, మొత్తం వెనక్కొస్తుంది." పోయింది రాబట్టుకోవాలన్న ఆత్రంలో రెండోసారి కొట్టేది ఇక్కడే.

కరెంటు మెసేజ్‌ది ఇంకో దారి. పోయిన నెల బిల్లు అప్‌డేట్ కాలేదు, ఈ రాత్రి 9.30కి సప్లై కట్ చేస్తాం, ఈ ఆఫీసరుకి ఫోన్ చేయండి అని వస్తుంది. మామూలు పదంకెల మొబైల్ నంబరు నుంచి వస్తుంది, మీ సర్వీస్ నంబరు అందులో ఉండదు. ఫోన్ చేస్తే పది రూపాయలు కట్టమంటాడు, అందుకోసం స్క్రీన్ షేరింగ్ యాప్ ఒకటి వేయించుకోమంటాడు. మీరు కార్డు వివరాలు కొడుతుంటే అవతల కూర్చుని చదువుకుంటాడు. ఆ మెసేజ్‌లోని నంబరు వదిలేయండి. పాత బిల్లు మీదున్న సర్వీస్ నంబరుతో మన కరెంటు సంస్థ ఈస్టర్న్ పవర్ యాప్‌లో బాకీ చూసుకోండి, లేదా కరెంటు హెల్ప్‌లైన్ 1912కి చేయండి. నాకైతే ఈ ఒక్క అలవాటే అన్నిటికన్నా గట్టిదనిపిస్తుంది: ఫోన్ పెట్టేయడం, నంబరు మనమే వెతుక్కుని మళ్లీ చేయడం. సీబీఐ పేరుతో వీడియో కాల్ చేసి, కాల్‌లోనే మిమ్మల్ని అరెస్టు చేశాం, ఇది "డిజిటల్ అరెస్ట్" అనేవాడు గంటల తరబడి కాల్ కట్ చేయనివ్వనిది అందుకే. అలాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు.

పెళ్లి పత్రిక, ట్రాఫిక్ చలానా పేర్లతో తిరిగే ఏపీకే ఫైళ్లు (నొక్కితే ఫోన్‌లో యాప్ వేసేవి) మరీ ప్రమాదం, ఎందుకంటే అవి తెలిసినవాళ్ల నంబరు నుంచే వస్తాయి. వాళ్ల ఫోన్ అప్పటికే చేజారింది. పత్రిక అయితే ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, ఇన్‌స్టాల్ చేయమని అడగదు. చేస్తే మాత్రం ఎస్ఎంఎస్ చదివే అనుమతి తీసుకుని, ఐకాన్ దాచేసుకుని, ఓటీపీలు బయటికి పంపుతుంది. పొరపాటున వేసుంటే వెంటనే ఏరోప్లేన్ మోడ్ పెట్టండి, వైఫై కూడా ఆఫ్ అయిందో లేదో చూడండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పి ఖాతా ఆపించండి. ఆ తర్వాతే ఫోన్ ఫ్యాక్టరీ రీసెట్.

"చక్కగా మన తెలుగే మాట్లాడాడు" అన్న ధైర్యం పనికిరాదు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి మన కుర్రాళ్లని కంబోడియా తీసుకెళ్లి, అక్కడ ఇలాంటి మోసాలే బలవంతంగా చేయించిన ముఠా సంగతి 2024 మేలో విశాఖ పోలీసులే బయటపెట్టారు.

డబ్బు పోయిందనుకోండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. పడిన డబ్బుని నిమిషాల్లోనే వేరే ఖాతాల్లోకి మార్చేస్తారు, అది ఏదో ఒక ఖాతాలో ఉండగానే ఆపించాలి. యూపీఐ అయితే 12 అంకెల లావాదేవీ నంబరు, టైము, ఎంత పోయింది అన్నవి దగ్గర పెట్టుకోండి. సైబర్‌క్రైమ్.గవ్.ఇన్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయండి. బ్యాంకుకి రాతపూర్వకంగా ఇచ్చి ఫిర్యాదు నంబరు తీసుకోండి. పిన్, ఓటీపీ మనమే ఇచ్చినట్టయితే, బ్యాంకుకి చెప్పేదాకా పోయిన డబ్బు నష్టం సాధారణంగా మనదే. చెప్పిన తర్వాత పోయేది బ్యాంకు భరించాలి. అందుకే చెప్పిన టైముకి రుజువు ఉండాలి.

ఫిర్యాదు పెట్టాక "సైబర్ సెల్ నుంచండీ, మీ డబ్బు దొరికింది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి" అని ఫోన్ వస్తే, అదీ ఆ బాపతే.