రొయ్యల ఆర్డరు స్పామ్‌లో పడిన రోజు

భీమవరంలో రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీకి మెయిల్ సర్వర్ చూసే పని నాది. ఒక ఉదయం మేనేజరు గారు ఫోన్ చేసి, "కొనేవాళ్లు మూడు మెయిళ్లు పంపామంటున్నారండీ, ఒక్కటీ రాలేదు" అన్నారు. మూడూ స్పామ్ ఫోల్డర్‌లో ఉన్నాయి. చెరువుల్లో రొయ్యల పట్టుబడి పూర్తయి సరుకు ఐసులో ఉన్నప్పుడు జవాబు ఆలస్యమైతే ఏమవుతుందో ఈ ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

స్పామ్ మెయిళ్లను వేరుచేయడానికి మేము వాడే సాఫ్ట్‌వేర్ స్పామ్‌అసాసిన్. ఒక్కో నియమం ప్రకారం మెయిల్‌కు మార్కులు వేస్తుంది. మొత్తం స్కోరు 5కు చేరితే స్పామ్ ముద్ర వేస్తుంది. మెయిల్ వెనకుండే సాంకేతిక వివరాలు, అంటే హెడర్లు తెరిస్తే, బేయస్_99 అనే ఒక్క నియమమే 3.5 వేసింది. బేయస్ అంటే పాత మెయిళ్ల నుంచి మాటలు నేర్చుకునే భాగం. తాను నేర్చుకున్న మాటల లెక్కన ఆ మెయిల్ స్పామేనని దాదాపు తేల్చేసిందన్నమాట.

అలా నేర్పింది మేమే. అక్కర్లేని ధరల సర్క్యులర్లను ఆఫీసువాళ్లు స్పామ్‌లోకి నెట్టేవారు. రాత్రి నడిచే స్క్రిప్టు ఆ ఫోల్డర్‌ను ఉన్నది ఉన్నట్టు స్పామ్‌గా నేర్పేసేది. వన్నామీ (రొయ్య రకం), కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలో), కంటైనర్... మా వ్యాపారం నడిచే మాటలన్నీ చెడ్డవైపోయాయి. మంచి మెయిళ్లు నేర్పే ఏర్పాటు నేను చేయనే లేదు; బేయస్ తనంతట తాను నేర్చుకున్నవే ఆధారం. ఆ తప్పు పూర్తిగా నాదే.

తప్పుగా నేర్పిన మెయిల్ దొరికితే దాన్ని మంచిదిగా మళ్లీ నేర్పితే చాలు, పాత లెక్క సరిచేసుకుంటుంది. కానీ మా స్పామ్ ఫోల్డర్ నెలనెలా ఖాళీ అవుతుంది. అందుకే బేయస్ నేర్చుకున్నదంతా ఉండే డేటాబేస్ బ్యాకప్ తీసి, మొత్తం తుడిచేశాను. మంచివీ చెడ్డవీ చెరో 200 నేర్పితే తప్ప బేయస్ పని మొదలుపెట్టదు. ఆఫీసు గుమాస్తా గారిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ ఏరాను. ఏది అసలు ఆర్డరో, ఏది ఊరికే ధర అడిగే ఉత్తరమో ఆయనకే తెలుసు.

నేర్పాక కూడా హెడర్లలో బేయస్ ఊసే లేదు. మధ్యాహ్నమంతా వెతికాక అర్థమైంది: నేను రూట్‌గా (సర్వర్ అడ్మిన్ ఖాతాతో) నేర్పాను, మెయిళ్లు తనిఖీ చేసే యూజర్ వేరు, డేటాబేసూ వేరు. ఆ యూజర్ డేటాబేస్‌లో మంచివి, చెడ్డవి రెండు లెక్కలూ సున్నా! అదే యూజర్‌గా మళ్లీ నేర్పాను.

ఇప్పుడు సర్క్యులర్లకు "అక్కర్లేదు" అని వేరే ఫోల్డర్ పెట్టాను, స్క్రిప్టు దాన్ని ముట్టుకోదు. స్పామ్, మంచి ఫోల్డర్లను నేర్పే ముందు నేనోసారి చూస్తాను. ప్రతి శనివారం లెక్కలు చూసి, బ్యాకప్ తీస్తాను. టోకెన్లు, అంటే నేర్చుకున్న మాటల ముక్కలు, 1,50,000 దాటితే పాతవాటిని బేయసే తీసేస్తుంది కాబట్టి ఆ బెంగ లేదు.

ఆ కొనుగోలుదారు నుంచి తర్వాత వచ్చిన మెయిల్ హెడర్ తెరిచి చూశాను. బేయస్_00, మైనస్ 1.9. అంటే మంచి మెయిలేనని తేల్చింది. వెంటనే మేనేజరు గారికి ఫోన్ చేశాను.