అయోగ్యుడు

సెలవు మీద మా లంకకి వచ్చి పది రోజులైంది. నిన్న సఖినేటిపల్లి రేవులో పంటెక్కి నర్సాపురం వెళ్తుంటే మా మేనల్లుడు, పదమూడేళ్లవాడు, అంచున కమ్మీ పట్టుకుని వేలాడుతున్నాడు, ఎక్కడ గోదాట్లో పడతాడోనని మా అక్కకి ఒకటే టెన్షన్. నాకేమో దోహాలో నా కింది బెడ్డు నేపాలీ గుర్తొచ్చాడు. ఇదే వయసులో వాడి భుజానికి సాకెట్ బాంబుల సంచీ తగిలించారు.

వాళ్లది రోల్పా జిల్లా. ఇంటికొకరు రావాలని మావోయిస్టులు అడిగేవారట. అన్న అప్పటికే బొంబాయి పారిపోయాడు, ఇక మిగిలింది వీడే. మొదట బియ్యం మోయడం, చీటీలు అందించడం, రాత్రిళ్లు కాపలా. పిల్లాడైతే సైన్యానికి అనుమానం రాదుగా. తుపాకీ తర్వాత.

2006లో ప్రభుత్వంతో శాంతి ఒప్పందమయ్యాక మావోయిస్టు దళాలవాళ్లందర్నీ శిబిరాల్లో ఉంచి ఐక్యరాజ్యసమితివాళ్లు వయసులు చూశారు. 4,008 మందిని పక్కకి తీశారు, అందులో 2,973 మంది కాల్పులు ఆగేనాటికి 18 నిండనివాళ్లు. వీళ్లింకా శిబిరాల్లో ఉండగానే, 2008లో, వాళ్ల నాయకుడు ప్రచండ ప్రధాని అయ్యాడు. వీళ్లని 2010 మొదట్లో ఇళ్లకి పంపేశారు. పెద్దవాళ్లలో సైన్యంలో చేరకుండా మానుకున్నవాళ్లకి 2012లో 5 నుంచి 8 లక్షల నేపాలీ రూపాయలిచ్చారు, అది వీళ్లకి లేదు.

"మేం అయోగ్యులం భాయ్" అన్నాడొకసారి. తన్ను తాను తిట్టుకుంటున్నాడనుకున్నా, మా వైపు ఆ మాటంటే చొక్కా పట్టుకుంటారు మరి. తీరా చూస్తే అక్కడ వాళ్లని పిలిచే పేరే అదట, అనర్హులని. బాంబులు మోసేటప్పుడు ఎవరూ అడగని వయసు, డబ్బులిచ్చేటప్పుడు అడిగారు.

శిబిరం నుంచి వచ్చి మళ్లీ లేబర్ క్యాంపులో పడ్డాడు. అక్కడా బంకు బెడ్లే, హాజరే, పప్పన్నమే, ఇక్కడైతే జీతమిస్తారు అనేవాడు. ఆ జీతమూ మా కంపెనీ రెండు నెలలు ఆపేసింది. అందరం వెళ్లి అడుగుదామంటే వచ్చాడు గానీ, వెనకే నిలబడ్డాడు. లైన్లో ముందు నిలబడటం ఇక తన వల్ల కాదన్నాడు.

కొత్త కంపెనీకి మారేటప్పుడు వాడి ఫారం నేనే నింపా. 'ఇంతకుముందు చేసిన పని' దగ్గర ఆగాను. వ్యవసాయం అని రాయమన్నాడు.

పొలం ఎంతుందని అడిగా.

లేదన్నాడు.