చాచిన చెయ్యి

పగులు మీదే నీలం రంగు పూసేస్తున్నారు, ఈ పొద్దున నెల్లూరులో, అంబేద్కర్ విగ్రహానికి. చాచిన చేతి మణికట్టు దగ్గర సన్నటి గీత, దాని కింద తుప్పు చార.

సిమెంటు విగ్రహంలో ముందు దెబ్బతినేది ఆ చెయ్యే. రాజ్యాంగం పట్టుకున్న చెయ్యి ఒంటికి ఆనుకుని ఉంటుంది. ఇది గాల్లో ఉంటుంది, లోపలి ఇనుప చువ్వ మీద సిమెంటు పలచన. ఉప్పుగాలికి చువ్వ తుప్పుపట్టి ఉబ్బి, సిమెంటును పగలదీస్తుంది. పైన రంగేస్తే లోపల తుప్పు ఆగదు.

మూలాపేట వేణుగోపాలస్వామి గుళ్లోకి దళితుల్ని రానివ్వాలని 1946లో పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష చేసిన ఊరండీ ఇది. ఇక్కడ ఆ చెయ్యి విరిగి పడకూడదు.

వదులు సిమెంటు చెక్కెయ్యండి. చువ్వ మెరిసేదాకా వైరు బ్రష్షుతో రుద్ది, తుప్పు పట్టనివ్వని పూత వేసి, పాలిమర్ మోర్టార్ (పాలిమర్ కలిపిన సిమెంటు, ఇసుక ముద్ద) నింపండి. బాగా ఆరాక ప్రైమర్, ఆపైన రెండు పూతల రంగు.

దండలు ఇనుప తీగతో మాత్రం కట్టకండి, నూలు దారం చాలు.