డమ్మీ ఛాతీ చెప్పే లెక్క

విశాఖలో మధురవాడ నుంచి గాజువాక దాకా హైవే మీద కారు సీటు బెల్టుని చంక కింద నుంచి లాగి కట్టుకునేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. దయచేసి అలా కట్టుకోకండి. కారు గుద్దుకుంటే ఆ బరువంతా కింది పక్కటెముకల మీద పడుతుంది. అవి విరిగితే కాలేయానికీ, ప్లీహానికీ గుచ్చుకుంటాయి.

బెల్టు ఛాతీని ఎంత నొక్కుతుందో కార్ల ఢీ పరీక్షల్లో మనిషికి బదులు కూర్చోబెట్టే బొమ్మ, అంటే డమ్మీ, చెబుతుంది. ఎదురు ఢీ పరీక్షల్లో ఎక్కువగా వాడే డమ్మీ పేరు హైబ్రిడ్ 3. సగటు మగవాడి కొలతలు, సుమారు 78 కిలోల బరువు. ఛాతీలో ఆరు స్టీలు పక్కటెముకలు, వాటికి అతికించిన డ్యాంపింగ్ పదార్థం (ఊపుని తగ్గించేది). బెల్టు ఛాతీని ఎన్ని మిల్లీమీటర్లు లోపలికి నొక్కిందో సెన్సర్ కొలుస్తుంది. వేడికి ఆ పదార్థం మెత్తబడితే కొలత తప్పుతుంది. అందుకే డమ్మీని 20.6–22.2 డిగ్రీల మధ్య గంటల తరబడి ఉంచాకే పరీక్ష చేస్తారు. విశాఖ మే నెల వేడిలో గది ఏసీ ఆగిందంటే ఆ రీడింగు పనికిరాదు. తలని విడిగా 376 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి స్టీలు పలక మీద పడేసి, తగిలిన కుదుపు 225–275 జీ (భూమి ఆకర్షణకి అన్ని రెట్లు) మధ్య వస్తేనే ఒప్పుకుంటారు. మొహానికి రంగు పూస్తారు, ఎయిర్‌బ్యాగ్‌కి ఎక్కడ తగిలిందో ఆ మరక చూపిస్తుంది.

2023లో మొదలైన భారత్ ఎన్‌క్యాప్‌లో, అంటే కార్ల భద్రతకి స్టార్ రేటింగ్ ఇచ్చే మన దేశపు పరీక్షలో, కారు 64 కిలోమీటర్ల వేగంతో, ముందు వెడల్పులో 40 శాతం మాత్రమే తగిలేలా అడ్డుగోడని గుద్దుతుంది. వెనక సీట్లో ఏడాదిన్నర, మూడేళ్ల పిల్లల డమ్మీలుంటాయి. నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఆ పిల్లల భద్రతే. మీ చైల్డ్ సీటు బిగించాక, బెల్టు వెళ్లే చోట పట్టుకుని అటూ ఇటూ గుంజండి. అంగుళం మించి కదిలితే మళ్లీ బిగించాలి.